కొలిచింది మనం, పథకమైంది మరెక్కడో

(మార్కాపురంలో జరిగిన సంఘ శిక్షణా తరగతిలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఈ తరగతికి "పరిశోధనలు – ప్రభుత్వ విధానాలు" అనే అంశం పెట్టామని చెప్పగానే కొందరు మిత్రులు నవ్వారు. ఉన్న బోరు ఎండిపోయి రెండో బోరుకు అప్పు కోసం తిరిగే రైతుకు పరిశోధనలతో ఏం పని అన్నారు. పని ఉంది. పంపుసెట్టుకు మీటరు పెట్టాలా, కరెంటు ఉచితంగా ఇవ్వాలా, బోరుకు అనుమతి ఏ ఊళ్లో ఇవ్వాలి, తాగునీటి పథకం ఏ ఊరికి రావాలి, ఇలాంటి నిర్ణయాల వెనుక ఎక్కడో ఒక నివేదిక ఉంటుంది. దాన్ని ఎవరు రాశారో, ఎవరి డబ్బుతో రాశారో, ఎవరి లెక్కలతో రాశారో మనకు తెలియకపోయినా దాని ఫలితం మాత్రం నేరుగా మన గట్టు మీదికే వస్తుంది.

మన ప్రాంతం పరిశోధనలకు కొత్తది కాదు. గిద్దలూరు నుంచి కనిగిరి దాకా మనం ఎంత వెనకబడి ఉన్నామో కొలవడానికి చాలామంది వచ్చారు, ఇంకా వస్తున్నారు. కొలిచిన తర్వాత ఏం జరిగిందన్నదే ఇవాళ మాట్లాడుకోవలసిన సంగతి.

పాత కథతో మొదలుపెడదాం. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రవేత్తలు అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని వైద్య పత్రికలో ప్రకటించారు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోవే. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. ఇటు నెల్లూరు నుంచి ఆ తాలూకాలు, అటు కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చి కలిశాయి. దేశంలో మనుషుల్లో ఈ జబ్బును గుర్తించిన తొలి చోటుగా ఈ ప్రాంతం వైద్య పుస్తకాలకెక్కింది. అంతకు ముందే రైతులు గమనించారని ఆ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. దుక్కిటెద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని మొదట చూసింది కాడి పట్టినవాడే.

కారణం తెలిసింది. బావి నీళ్లలో ఉందని తెలిసింది. ఏ బావిలో ఎంత ఉందో కొలిచే పద్ధతీ తెలిసింది. ఆ తర్వాత దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, జిల్లా మారింది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉండకూడదని ప్రమాణాలూ వచ్చాయి. ఇన్నేళ్లకు కూడా వంగిన నడుములు, గారపట్టిన పళ్లు మన ఊళ్లలో కనిపిస్తూనే ఉన్నాయి. పరిశోధన తప్పు కాదు. అది చెప్పిన మాటను అమలు చేసి తీరాలని పట్టుబట్టే బలం దాని వెనుక లేదు, అంతే. ఆ జబ్బు పడ్డవాళ్లు మద్రాసుకు దూరం, తర్వాత హైదరాబాదుకూ దూరం.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఒకటి మనందరికీ గుర్తుంది. 1997లో ప్రపంచబ్యాంకు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక సంస్కరణల ఎజెండా అంటూ ఒక నివేదిక ఇచ్చింది. రాయితీలు తగ్గించాలి, విద్యుత్ రంగాన్ని విడగొట్టాలి, ఛార్జీలు పెంచాలి అన్నది అందులో సారాంశం. దాని అమలుకు అరవై ఏళ్లు పట్టలేదు. మరుసటి ఏడాదే విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, 1999లో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు, 2000లో ఛార్జీలు పెంచారు. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఏం జరిగిందో మన సంఘంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు కూడా చెప్పగలరు. కాల్పుల్లో మన ఉద్యమం ముగ్గురిని పోగొట్టుకుంది. 2004 మే 14న కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీద పెట్టారంటే అది ఏ పరిశోధనా సంస్థ సిఫారసు వల్లా కాదు.

ఒక నివేదిక అరవై ఏళ్లు అలమారులో ఉండిపోయింది, ఇంకొకటి మూడేళ్లలో జీవో అయింది. రెండోదానికి అప్పు జత చేసి ఉంది. మొదటిదానికి ఏదీ జత లేదు.

ఇది మనం కోపంతో అనే మాటే కాదు. లండన్‌లో ఓవర్సీస్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 2003లో వేర్వేరు దేశాల నుంచి యాభై ఉదాహరణలు తీసుకుని, పరిశోధన ఎప్పుడు విధానమవుతుంది, ఎప్పుడు కాదు అని పరిశీలించింది. వాళ్లకు తేలింది కూడా దాదాపు ఇదే. పరిశోధన ఎంత గట్టిదైనా అక్కడి రాజకీయ పరిస్థితి కలిసిరావాలి, పరిశోధన చేసినవాళ్లకూ నిర్ణయం చేసేవాళ్లకూ మధ్య మనుషులు ఉండాలి, చెప్పిన పరిష్కారం చేసి చూపగలిగేదై ఉండాలి. ఇండోనేషియా ఉదాహరణ చూడండి. వరిలో దోమ ఉధృతికి పురుగుమందుల అతి వాడకమే కారణమని, మందు మిత్రపురుగులను చంపడం వల్లే దోమ పెరుగుతోందని శాస్త్రవేత్తలు తేల్చారు. 1986లో ఒక్క అధ్యక్ష ఉత్తర్వుతో వరిలో 57 రకాల మందులు నిషేధమయ్యాయి. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అక్కడ రైతు పొలంబడులు పెట్టింది. రైతే పొలంలో దిగి పురుగును లెక్కపెట్టి, తానే నిర్ణయించుకోవడం ఆ బడి పద్ధతి. ఆ పద్ధతే తర్వాత మన దగ్గరికి నీళ్ల లెక్కగా మారి వచ్చింది. ఇవాళ అసలు చెప్పదలచుకున్నది దాని గురించే.

1995లో నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో ఆప్‌వెల్ ప్రాజెక్టు వచ్చింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో చిన్న, సన్నకారు రైతులకు ఉమ్మడి బోర్లు వేయించి, కరెంటు ఇప్పించే పథకం అది. బోర్లు వేశాక వాళ్లకే ఒక భయం పట్టుకుంది. వేసిన బోర్లు నిలుస్తాయా? అందుకని రైతుల చేతనే నీటిమట్టం కొలిపించడం మొదలుపెట్టారు. 2003లో కేంద్ర ప్రభుత్వం చిన్న దేశాల నుంచి నేరుగా సాయం తీసుకోబోమని ప్రకటించడంతో డచ్చి నిధులు ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా రావలసి వచ్చింది. అలా వచ్చినదే రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల యాజమాన్య పథకం. ఇంగ్లీషు అక్షరాలతో ఆప్‌ఫామ్స్ అనేవారు. అదే ఏడు జిల్లాలు, ఆరు వందలకు పైగా ఊళ్లు. స్వచ్ఛంద సంస్థలు నడిపాయి. దశాబ్దం చివరికల్లా ముగిసింది.

ఇందులో బోరు వేసి ఇవ్వడం లేదు, మోటారు ఇవ్వడం లేదు, చెక్‌డ్యాం డబ్బుల్లేవు. లెక్క ఒక్కటే ఇచ్చారు. దాన్ని వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ లెక్క ఇప్పటికీ మనకు పనికొస్తుంది.

ఒక వాగులోకి నీళ్లు జారే ఊళ్లన్నీ కలిపి ఒక యూనిట్. మండలం హద్దు కాదు, వాగు హద్దు. ఆ ఊళ్లలో కొన్ని బోర్లను పరిశీలనకు ఎంచుకునేవారు. పదిహేను రోజులకొకసారి రైతులే, ఆడవాళ్లూ మగవాళ్లూ, నీళ్లు తగలగానే కుయ్‌మనే టేపు బోరులోకి వదిలి మట్టం రాసేవారు. మోటారు ఆడించి డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి నీటి ధార రాసేవారు. వానమాపకంలో పడ్డ వాన రోజూ రాసేవారు. ఇవన్నీ ఊళ్లో గోడ మీద బోర్డుకెక్కేవి. వానాకాలం ముగిసి రబీ పంటలు వేయకముందు, యూనిట్‌లోని ఊళ్లవాళ్లంతా ఒకచోట కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసేవారు. భూమిలోకి ఎంత దిగింది, ఎంత తోడాం, ఎంత మిగిలింది, ఏ రైతు ఏ పంట వేయాలనుకుంటున్నాడు, ఆ పంటలన్నిటికీ కలిపి ఎంత కావాలి. రెండూ పక్కపక్కన రాసేసరికి చాలా ఊళ్లలో కావలసింది ఎక్కువ, ఉన్నది తక్కువ అని తేలేది. వరి వేయవద్దని ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. లెక్క చూసి ఇంటికి పోయిన రైతు వరి మళ్లు తగ్గించుకుని ఆరుతడికి మారేవాడు.

ఇక్కడే ఒకసారి ఆ లెక్క వేసి చూద్దాం. బోరు ఎన్ని నీళ్లు పోస్తుందంటే రెండించులు, ఇంచున్నర అంటాం. ఆ ఇంచుకు పెళ్లిచూపుల్లో చెప్పే ఎకరాలకు ఉన్నంత విలువే ఉంది. బకెట్ పెట్టి చూడండి. ఇరవై లీటర్ల బకెట్ పది సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు. గంటకు 7,200. తొమ్మిది గంటల కరెంటుకు 64,800 లీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4,000 లీటర్లు. వరికి పంటకాలమంతా 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. పైన చెప్పిన బోరు రోజూ తొమ్మిది గంటలు ఆగకుండా ఆడితే 74 రోజుల నీళ్లు ఒక్క ఎకరం వరికే చెల్లు. వేరుశనగకు 500 మిల్లీమీటర్లనుకుంటే 20 లక్షల లీటర్లు, 31 రోజులు.

ఇది తోడే లెక్క. దిగే లెక్క ఇంకా భయపెడుతుంది. మార్కాపురం, కంభం ప్రాంతాల కింద ఉన్నది ఎక్కువగా పలకరాయి. మన పలకల వ్యాపారానికి పేరు తెచ్చిన రాయి నీళ్లు నిలవడానికి మాత్రం పనికిరాదు. పొరల సందుల్లో, పగుళ్లలో దొరికిందే నీళ్లు. ఇలాంటి రాతినేలల్లో పడిన వానలో నూటికి మూడు నుంచి ఐదు పాళ్లే కిందికి దిగుతుందని భూగర్భజల అంచనాలకు దేశమంతా వాడే ప్రభుత్వ ప్రమాణం. మంచి ఏడు వచ్చి వానాకాలంలో 600 మిల్లీమీటర్లు కురిసిందనుకోండి. నాలుగు పాళ్ల లెక్కన 24 మిల్లీమీటర్లు. అంటే ఎకరానికి లక్ష లీటర్లకు కాస్త తక్కువ. ఒక ఎకరం వరి తాగే నీళ్లు కిందికి దిగాలంటే దగ్గర దగ్గర యాభై ఎకరాల మీద వాన కురవాలి. చెరువులు, కుంటల కింద ఇంకేది, పారించిన నీళ్లలో తిరిగి దిగేది కొంత కలుస్తుంది, కాదనం. కంభం చెరువు నిండిన ఏడు దాని చుట్టుపక్కల బోర్లు ఎలా పలుకుతాయో మనకు తెలియనిది కాదు. అయినా యాభై ఎకరాలనే మాట గుర్తుపెట్టుకోండి. పక్కపక్కనే ఐదు బోర్లు వేసుకున్న రైతులు ఒకరినొకరు ఎండబెట్టుకుంటున్నామన్న సంగతి ఆ ఒక్క అంకెలో ఉంది.

ఈ లెక్క బడికి పోనివాళ్లకు రాదని అప్పట్లో కొందరు అనుకున్నారు. వచ్చింది. వడ్డీ లెక్క నోటితో వేసేవాళ్లకు నీళ్ల లెక్క రాకపోవడమేమిటి?

ఇక ఈ పరిశోధన ఎక్కడికి పోయిందో చూడండి. 2010లో ప్రపంచబ్యాంకు భారతదేశ భూగర్భజలాల మీద "డీప్ వెల్స్ అండ్ ప్రూడెన్స్" అనే పెద్ద నివేదిక వేసింది. బోర్ల మీద ఆంక్షలు, లైసెన్సులు, ధరలు మన దేశంలో పెద్దగా పారడం లేదని ఒప్పుకుంటూ, సమాజమే పెద్ద ఎత్తున భూగర్భజలాన్ని నిర్వహించిన ఉదాహరణగా ఈ పథకాన్ని ఎత్తిచూపింది. రైతు ఆదాయం దెబ్బతినకుండా నీటి వాడకం తగ్గిందని మెచ్చుకుంది. అక్కడి నుంచి ఈ మాట ఢిల్లీలో ప్రణాళికా పత్రాల్లోకి పాకింది. భూగర్భజలాన్ని కాపాడాలంటే వాడుకునేవాళ్లే లెక్క వేసుకోవాలన్న ఆలోచన పన్నెండో ప్రణాళిక నాటికి అందరూ అనే మాటయింది. 2019 డిసెంబరు 25న ప్రధాని అటల్ భూజల్ యోజనను ప్రారంభించారు. 6,000 కోట్లు. సగం ప్రపంచబ్యాంకు అప్పు, సగం కేంద్రం. గ్రామ పంచాయతీ స్థాయిలో నీటి బడ్జెట్, నీటి భద్రతా ప్రణాళిక, వర్షమాపకాలు, నీటిమట్టం కొలతలు, ఊళ్లోనే లెక్కల బోర్డు. చదువుతుంటే మన వాగుల పక్కన ఇరవై ఏళ్ల కింద జరిగిన పనే కనిపిస్తుంది.

ఆ పథకం ఏడు రాష్ట్రాలకు. గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్. ఆంధ్రప్రదేశ్ లేదు. తెలంగాణా లేదు. పద్ధతి పుట్టిన ఏడు జిల్లాల్లో ఒక్కటి కూడా అందులో లేదు.

ఎందుకు లేదంటే ఎవరి సమాధానం వాళ్లకుంటుంది. ఎక్కువ తోడుతున్న రాష్ట్రాలను ఎంచుకున్నామని కేంద్రం అంటుంది. మేము అడిగేది వేరు. అక్కడ ఫలానా పద్ధతి పనిచేస్తుందని రుజువు చేసిన ఊళ్లకు ఆ పద్ధతిని నిలబెట్టుకోవడానికి పైసా దక్కకపోవడం ఏ రకం విధానం? విత్తనం మన దగ్గర తీసుకుని, మొలకెత్తే నేల మరో చోట వెతుక్కున్నట్టుంది.

ఇక్కడ మనకు ఇబ్బంది కలిగించే ఒక మాటను దాచకుండా చెప్పుకోవాలి. పథకం ముగిశాక ఇంటర్నేషనల్ వాటర్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, టాటా సంస్థల ఉమ్మడి కార్యక్రమం కింద పరిశోధకులు ఆ ఊళ్లకు తిరిగి వెళ్లి చూసి 2012లో "వాస్తవ పరిశీలన" అని ఒక పత్రం వేశారు. రైతుల్లో అవగాహన మిగిలింది గాని సంఘాలు చాలావరకు పనిచేయడం లేదని, బడ్జెట్ సమావేశాలు ఆగిపోయాయని, నీటి వాడకం మీద ప్రభావం జరిగిన ప్రచారమంత లేదని వాళ్ల సారాంశం. ఇది విని కొందరు మిత్రులు బాధపడతారు. మేము ఆ పత్రాన్ని వ్యతిరేకించం. ప్రపంచబ్యాంకు పొగడ్తలో ఉన్న నిజం కంటే ఇందులో ఉన్న నిజమే మనకు ఎక్కువ పనికొస్తుంది.

సంఘాలు ఎందుకు నిలవలేదు? పథకం ఉన్నంతకాలం టేపు పట్టుకున్న రైతును అడిగేవాళ్లు ఉన్నారు, రాసిన అంకెను చదివేవాళ్లు ఉన్నారు. పథకం పోయాక ఆ అంకె ఎవరికీ అక్కరలేనిదయింది. తహసీల్దారు దాన్ని చూడడు, వ్యవసాయాధికారి పంట ప్రణాళికలో దానికి చోటు లేదు, బ్యాంకు పంట రుణం ఇచ్చేటప్పుడు అడగదు, కరువు మండలాల జాబితా తయారయ్యేటప్పుడు లెక్కకు రాదు. చట్టం చూస్తే మన రాష్ట్రంలో 2002 నుంచి నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, ఉంది. అందులో బోరు వేయాలంటే అనుమతి ఉంది, అధికారి ఉన్నాడు. కొలిచే రైతు ఎక్కడున్నాడు? ఇంకో వైపు, భూమి ఎవరిదో కింది నీళ్లూ వాళ్లవే అన్న బ్రిటిష్ కాలపు న్యాయమే ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి ఊరంతా కూర్చుని వేసిన బడ్జెట్‌ను ఒక పెద్ద రైతు పక్కన పెట్టి వెయ్యి అడుగుల బోరు వేస్తే అడిగే హక్కు ఎవరికీ లేదు. బలవంతం లేకపోవడం ఆ పథకానికి బలమని నివేదికలు రాశాయి. కొంతవరకు నిజమే. నీళ్లు లేవని తెలిసినవాడు తన నష్టం తాను తగ్గించుకున్నాడు. పక్కవాడి చేతిని మాత్రం ఆపలేకపోయాడు.

ఇంకో లోటు ఉంది. బోరు ఉన్నవాళ్ల చుట్టూ తిరిగిన పథకం అది. సొంత బోరు లేని కౌలురైతుకు, మెట్ట మీద కంది, సజ్జ, శనగ వేసుకునేవాడికి, తాగునీటికి అదే భూగర్భజలం మీద ఆధారపడిన కూలి కుటుంబానికి ఆ బడ్జెట్‌లో గట్టి వాటా లేదు. ఇక్కడే ఫ్లోరైడు మళ్లీ వస్తుంది. పైనున్న నీళ్లు అయిపోయి లోతుకు పోయేకొద్దీ, రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీళ్లు వస్తాయి, చాలా చోట్ల వాటిలో ఫ్లోరైడు ఎక్కువ. అంటే తోటకు నీళ్లు తోడే లోతు, పసిపిల్లల పళ్లు, ముసలివాళ్ల నడుములు ఒకే లెక్కలో ఉండవలసినవి. 1937 నాటి పరిశోధనను, 2003 నాటి పరిశోధనను ఒకచోట చేర్చి చూసే ప్రభుత్వ శాఖ లేదు. ఒకటి ఆరోగ్యం, ఒకటి భూగర్భజలం, మధ్యలో గ్రామీణ నీటిసరఫరా. ఆ మూడు శాఖలూ కలిసేది మన ఇంటి బిందెలోనే.

"ఇప్పుడు ప్రభుత్వమే పీజోమీటర్లు పెట్టింది కదా, అంకెలు కంప్యూటర్లోకి వాటంతటవే పోతున్నాయి కదా" అంటారు. పోతున్నాయి, మంచిదే. మండలానికి కొద్ది చోట్ల ఉన్న ఆ గొట్టాలు మండలం సగటు చెబుతాయి. మన రాతినేలలో వంద గజాల దూరంలో ఒక బోరు పోస్తుంది, ఇంకొకటి దుమ్ము రేపుతుంది. మండలం సగటు చూసి ఏ రైతూ పంట వేసుకోలేడు. పైగా ఆ అంకె ఊరి నుంచి విజయవాడకు పోతుంది గాని తిరిగి ఊరి గోడ మీదికి రాదు.

ఈ కొలతల సంగతి ఇప్పుడు ఎందుకు తెచ్చామంటే, కొలత మీద పోరు మళ్లీ మన గడప దగ్గరికి వచ్చింది కాబట్టి. 2020లో కోవిడ్ కాలంలో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పుకు అవకాశం ఇస్తూ అందులో కొంత భాగానికి విద్యుత్ సంస్కరణల షరతు పెట్టింది. దాంతో మన రాష్ట్రంలో వ్యవసాయ పంపుసెట్లకు మీటర్ల నిర్ణయం జరిగింది, శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం మొదలైంది. ఉచిత విద్యుత్ వల్లే భూగర్భజలం తరిగిపోతోందన్న పరిశోధనలను అందుకు సాక్ష్యంగా చూపుతారు. 1997 నాటి నివేదిక ఎలా నడిచిందో ఇదీ అలాగే నడుస్తోంది, అప్పు ముందు, పరిశోధన దాని వెనుక. ఉచిత కరెంటు వల్ల నీళ్లు వృథా కావా అంటే కొన్ని చోట్ల అవుతాయి, అది మనమూ చూస్తున్నాం. ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి మర్చిపోయిన మోటార్లు ఏ ఊళ్లో లేవు? కానీ మీటరు ఎన్ని యూనిట్లు కాలాయో చెబుతుంది గాని బోరులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో చెప్పదు. ఏ పంట వేస్తే గట్టెక్కుతామో అసలే చెప్పదు. మీటరు అంకె బిల్లుకు పోతుంది, బకెట్ అంకె బడ్జెట్‌కు పోతుంది. మొదటిదాన్ని వ్యతిరేకించాలంటే రెండోది మన చేతిలో ఉండాలి. "మీరు కొలవవద్దు" అని మాత్రమే అంటే మన వాదన నిలవదు. "మేము కొలిచాం, ఇదిగో, పదేళ్ల లెక్క" అంటే నిలుస్తుంది.

రైతులు చేసిన పరిశోధనను పైవాళ్లు ఊరికే ఒప్పుకుంటారని మాత్రం అనుకోకండి. 2001లో మెదక్ జిల్లాలో ప్రజాతీర్పు అని ఒక ప్రయత్నం జరిగింది. విజన్ 2020 మీద చిన్న రైతులు, ఎక్కువమంది దళిత మహిళలు, న్యాయనిర్ణేతలుగా కూర్చుని అధికారులను, శాస్త్రవేత్తలను, కంపెనీలవాళ్లను రోజుల తరబడి ప్రశ్నించి తీర్పు చెప్పారు. పెద్ద యంత్రాలు, జన్యుమార్పిడి పంటలు, రైతులను భూమి నుంచి తప్పించే అభివృద్ధి తమకు వద్దన్నారు. బ్రిటన్ పరిశోధనా సంస్థలు దానికి తోడ్పడి నివేదిక వేస్తే, రాష్ట్రానికి అప్పట్లో పెద్ద సాయం ఇస్తున్న బ్రిటిష్ అభివృద్ధి శాఖ ఆ పద్ధతే సరికాదని తప్పుపట్టింది. మెకన్సీ కంపెనీ సాయంతో విజన్ పత్రం రాసినప్పుడు ఎందరు రైతులను అడిగారన్న ప్రశ్నకు మాత్రం అంత పట్టింపు కనబడలేదు. కాబట్టి మన లెక్క తేదీతో, సంతకంతో, సాక్షులతో ఉండాలి. తప్పుపట్టడానికి సందు ఇవ్వకూడదు.

వెలిగొండ వస్తే ఈ అవస్థ ఉండదు కదా అనే మాట ప్రతి సమావేశంలో వస్తుంది. రావాలి, దానికోసం కొట్లాడుతూనే ఉంటాం. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఆ ప్రాజెక్టుకు 1996లో ఒకసారి, 2004లో ఇంకోసారి శంకుస్థాపనలయ్యాయి. 2024 మార్చిలో సొరంగాల ప్రారంభం కూడా అయింది. నిర్వాసితులకు పునరావాసం పూర్తికాకుండా, కాల్వలు తవ్వకుండా 43.5 టీఎంసీల మాట కాగితం దాటి పొలానికి రాదు. వచ్చిన రోజున కూడా ఏ ఊరికి ఎంత అవసరం, ఏ చెరువు నింపితే ఎన్ని బోర్లు బతుకుతాయి అన్న లెక్క చేతిలో ఉన్న ఊరే గట్టిగా అడగగలుగుతుంది. ఆయకట్టు బయట మిగిలే మెట్ట ఊళ్లకైతే ఈ లెక్క తప్ప వేరే గతి లేదు.

అందుకే ఈ తరగతి తర్వాత చేయవలసిన పని ఇది. ప్రతి గ్రామ కమిటీ ఊళ్లో ఐదు బోర్లు ఎంచుకోవాలి. ఎగువన ఒకటి, వాగు పక్కన ఒకటి, చెరువు కింద ఒకటి, మిగతా రెండూ మీ ఇష్టం. ఒకటైనా కౌలుదారు సాగు చేస్తున్న పొలంలో ఉండాలి, ఒకటి తాగునీటి బోరు అయితే మంచిది. నెలలో ఒకటో తేదీ, పదహారో తేదీ ఉదయం మోటార్లు వేయకముందు మట్టం రాయాలి. కుయ్‌మనే టేపు లేకపోతే తాడుకు ఇనుప బిళ్ల కట్టి, అడుగుల ముడులు వేసుకున్నా చాలు. కేసింగ్‌లో వైర్లకు, పైపులకు చిక్కకుండా చూసుకోండి. తర్వాత మోటారు వేసి పావుగంట ఆడించి బకెట్ కొలత రాయాలి. సెల్‌ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంది, పిల్లలకు చెబితే నొక్కుతారు. వాన కొలవడానికి పాఠశాలలో వానమాపకం ఉంటే అదే వాడుకోవచ్చు. నోటుబుక్కులో తేదీ, బోరు యజమాని సంతకం, కొలిచినవాళ్లలో ఒక మహిళ సంతకం ఉండాలి. ఎండిపోయిన బోర్లు, కొత్తగా వేసినవి, వాటి లోతు, ఖర్చు, ఆ ఖర్చుకు తెచ్చిన అప్పు, వడ్డీ వెనుక పేజీల్లో రాయండి. ఇవి ఏ పీజోమీటరూ చెప్పలేనివి.

దసరా అయ్యాక, శనగ విత్తకముందు, వాగు ఒడ్డునున్న ఊళ్లవాళ్లు ఒకచోట కూర్చుని బడ్జెట్ వేయాలి. ఆ కాగితం గ్రామసభలో చదివించి తీర్మానం చేయించాలి. నకలు మండల వ్యవసాయాధికారికి, భూగర్భజల శాఖకు, మీ బ్యాంకు మేనేజరుకు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంకొకటి మాకు పంపండి. గిద్దలూరు నుంచి కనిగిరి దాకా వచ్చిన కాగితాలన్నీ కలిపి ఈ పత్రికలో అచ్చు వేస్తాం. కరువు మండలాల ప్రకటన అన్యాయంగా జరిగినప్పుడు, మీటర్ల మీద చర్చకు పిలిచినప్పుడు, అటల్ భూజల్ తరహా పథకంలో ఆంధ్రప్రదేశ్‌ను చేర్చాలని ఢిల్లీకి రాసేటప్పుడు దాన్నే ముందు పెడతాం.

నోటుబుక్కులు బయట బల్ల మీద ఉన్నాయి. ఊరికి రెండు. భోజనాలకు లేచేటప్పుడు మీ కమిటీ పేరు రాయించి తీసుకోండి. బకెట్ మాత్రం ఎవరిది వాళ్లదే.